వింగ్‌సూట్‌కి ఆర్‌ఎస్‌ఎల్ వద్దంటున్నారు, తీసేయమంటావా అన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం, ఆరేళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాను. ఇప్పటికి 230 స్కైడైవింగ్ జంప్‌లు అయ్యాయి, పోయిన నెలే వింగ్‌సూట్ (చేతులకీ కాళ్లకీ మధ్య రెక్కల్లాంటి బట్ట ఉండే సూట్) మొదటి కోర్సు పూర్తి చేశాను. ఇన్నాళ్లూ అద్దె రిగ్‌తోనే (అంటే పారాచూట్ సామాను మొత్తం) దూకాను, ఇప్పుడు సొంతది కొనాలి. మేం దూకే డ్రాప్‌జోన్‌లో ఒక సీనియర్ తన పాత రిగ్ తక్కువ ధరకి ఇస్తానంటున్నాడు. 135 సైజు ఎలిప్టికల్ (చివర్లు సన్నబడి, చురుగ్గా తిరిగే) మెయిన్ పారాచూట్, అది పని చేయకపోతే తెరవడానికి 126 రిజర్వ్, ఆపదలో రిజర్వ్‌ని తనంతట తానే తెరిచే సైప్రెస్ పెట్టె ఉన్నాయి. మెయిన్‌ని వదిలేయగానే రిజర్వ్‌ని తెరిచే పట్టీ ఆర్‌ఎస్‌ఎల్‌ని మాత్రం తీసేశాడు. వింగ్‌సూట్ వాళ్లకి అది ప్రమాదమట, గిర్రున తిరుగుతున్నప్పుడు రిజర్వ్ వచ్చేసి మనకే చుట్టుకుంటుందట. ఇంకొకరేమో కొత్త రిగ్ తీసుకుని, ఆర్‌ఎస్‌ఎల్‌కి మెరుగైన రూపం స్కైహుక్ పెట్టించుకోమంటున్నారు. దానికి ఖర్చెక్కువ, నెలలు ఆగాలి. సైప్రెస్ ఎలాగూ ఉంది కదా, అది చాలదా? నా బరువు 85 కిలోలు, సూట్, రిగ్ అన్నీ కలిపితే 100 దాకా వస్తుంది. ఇంట్లో నా భార్యకి తప్ప ఎవరికీ తెలియదు, ఆమెకి ఒకటే టెన్షన్. ఏది తీసుకోమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు సూటిగా చెప్తాను, ఆ రిగ్ కొనకు. ఆర్‌ఎస్‌ఎల్ తీసేశాడనో, పాతదనో కాదు, ఆ మెయిన్ నీకు తగింది కాదు. నువ్వు అడిగిందేమో రిజర్వ్ గురించి, కానీ రిజర్వ్ ఎలా తెరుచుకోవాలన్న ప్రశ్నకి సగం జవాబు నీ మెయిన్‌లోనే ఉంటుంది, అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ మొత్తం బరువు 100 కిలోలంటే 220 పౌండ్లు. దాన్ని 135 చదరపు అడుగులతో భాగిస్తే 1.63 వస్తుంది, దాన్నే వింగ్ లోడింగ్ అంటారు. ఎలిప్టికల్ కానోపీ (పారాచూట్ గుడ్డ), 1.63 వింగ్ లోడింగ్, 230 జంప్‌లు... మామూలు స్కైడైవింగ్‌కే ఏ మంచి ఇన్‌స్ట్రక్టరూ ఒప్పుకోడు, ఇక నువ్వు దాన్ని వింగ్‌సూట్ వీపున కట్టుకుని తెరుస్తానంటున్నావు. వింగ్‌సూట్‌లో పారాచూట్ మామూలుగా తెరుచుకోదు, నీ వెనక పెద్ద బర్బుల్ ఉంటుంది, అంటే నీ ఒళ్లూ రెక్కలూ గాలిని అడ్డుకోవడం వల్ల వీపు మీద ఏర్పడే చచ్చు గాలి. పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్, అంటే పైలట్ చూట్, దాన్ని దాటి అవతలి శుభ్రమైన గాలిలోకి వెళ్లాలి. పైగా నువ్వు కిందికి పడుతున్నదానికంటే ముందుకి పోతున్నది ఎక్కువ, కాబట్టి కానోపీ మడిచిపెట్టిన బ్యాగ్ నెత్తి మీదికి కాకుండా వెనక్కి వెళ్తుంది, వెళ్తూ వెళ్తూ ఒక పక్కకి ఊగుతుంది, తిరుగుతుంది. అందుకే వింగ్‌సూట్‌లో లైన్ ట్విస్టులు, అంటే పారాచూట్ తాళ్లు మెలికపడటం, ఇంత మామూలు. వాటిని నెమ్మదైన కానోపీ ఓర్చుకుంటుంది, నువ్వు కాళ్లు తన్నుకుంటూ విప్పుకునే దాకా నిటారుగా ఎగురుతూనే ఉంటుంది. ఎక్కువ లోడ్ ఉన్న ఎలిప్టికల్ ఓర్చదు, ఒక పక్కకి వాలి డైవ్‌లోకి దిగుతుంది, రెండు మూడు చుట్లలోనే నువ్వు దాదాపు వెల్లకిలా అయి గిర్రున తిరుగుతుంటావు. మీ సీనియర్ భయపెట్టిన ఆ 'తిరుగుతూ ఉన్నప్పుడు' అనే పరిస్థితి చాలాసార్లు పుట్టేది ఇక్కడే. అతను దానికి కారణమైన కానోపీని ఉంచుకుని ఆర్‌ఎస్‌ఎల్‌ని తీసేశాడు.

వింగ్‌సూట్‌కి సరిపోయేది ఏడు సెల్స్ (గాలి గదులు) ఉన్న, మరీ ఎలిప్టికల్ కాని, నెమ్మదిగా తెరుచుకునే కానోపీ. స్క్విరెల్ వాళ్ల ఎపిసీన్, పీడీ వాళ్ల హొరైజన్, ఏరోడైన్ వాళ్ల వింక్స్ ప్రత్యేకంగా దీనికోసమే చేసినవి. నీ బరువుకి 170 తీసుకుంటే లోడింగ్ 1.3 దగ్గర, 190 అయితే 1.16 అవుతుంది. నేనైతే నీకు 190 చెప్తాను, వంద వింగ్‌సూట్ జంప్‌లు అయ్యాక చిన్నదాని గురించి అప్పుడు చూద్దువు. దానికి తోడు పొడవైన బ్రైడిల్ (పైలట్ చూట్‌ని బ్యాగ్‌కి కలిపే పట్టీ), పెద్ద పైలట్ చూట్ కావాలి. కంటైనర్‌లో, అంటే వీపున కట్టుకునే సంచిలో, మెయిన్ ఉండే భాగం కింది మూలలు పూర్తిగా విచ్చుకునేలా ఉండాలి, లేకపోతే వెనక్కి వెళ్లే బ్యాగ్ ఆ మూలకి తగిలి అక్కడే మెలిక మొదలవుతుంది.

ఇక 190 కానోపీ 135 కోసం కుట్టిన కంటైనర్‌లో పట్టదు. రిజర్వ్‌దీ అదే కథ. 126 రిజర్వ్ మీద 220 పౌండ్లంటే 1.75. చెయ్యి విరిగో, తలకి దెబ్బ తగిలి స్పృహ లేకుండానో దాని కింద దిగాల్సి వస్తే ఏమవుతుందో ఆలోచించు. రిజర్వ్‌కి కూడా లైన్ ట్విస్టులు రావచ్చు, అప్పుడు చిన్న రిజర్వ్ చిన్న మెయిన్‌లాగే ప్రవర్తిస్తుంది, దాని తర్వాత తెరవడానికి ఇంకేమీ లేదు. కాబట్టి 176 లేదా 193 రిజర్వ్, దానికి తగ్గ కంటైనర్ చూసుకో. ఇంకా ఆర్‌ఎస్‌ఎల్ దాకా రాకముందే నీ బేరం అయిపోయింది, చూశావా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది చదివే మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా కాస్త వివరంగా చెప్తాను. మెయిన్ సరిగ్గా తెరుచుకోకపోతే మనం చేసేవి రెండు పనులు, కుడివైపు హ్యాండిల్ లాగి మెయిన్‌ని వదిలేయడం, ఎడమవైపుది లాగి రిజర్వ్‌ని తెరవడం. ఆర్‌ఎస్‌ఎల్ అంటే మెయిన్ రైజర్ (పారాచూట్ తాళ్లని మన ఒంటి మీది హార్నెస్‌కి కలిపే పట్టీ) నుంచి, రిజర్వ్‌ని మూసి ఉంచే పిన్ దాకా ఉండే ఒక పట్టీ. మెయిన్ వదిలిపోతూ పోతూ దాన్ని లాగుతుంది, నువ్వు రెండో హ్యాండిల్ దాకా వెళ్లకముందే పిన్ ఊడిపోతుంది. అంతవరకే దాని పని. ఆ తర్వాత రిజర్వ్ పైలట్ చూట్ తన స్ప్రింగ్ బలంతో ఎగిరి, గాలి పట్టుకుని, బ్యాగ్‌ని బయటికి లాగాలి. ఆ క్షణంలో నువ్వు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే అదంతా జరుగుతుంది.

మీ సీనియర్ మాటలో నిజం ఉన్నది ఇక్కడే, అది ఒప్పుకోవాలి. తిరుగుతున్న మెయిన్‌ని వదిలేసినప్పుడు నువ్వు విసిరేసినట్టు ఒక పక్కకి పోతావు, బహుశా వెల్లకిలా, రెక్కల్లో గాలి నిండి. అలాంటప్పుడు వీపులోంచి ఎగిరిన పైలట్ చూట్ నీ చేతి రెక్క పక్కనుంచో, కాళ్ల మధ్యనుంచో బయటికి రావాల్సి ఉంటుంది. ఉట్టి ఆర్‌ఎస్‌ఎల్ మాత్రమే దొరికే కాలంలో అనుభవం ఉన్న వింగ్‌సూట్ వాళ్లు చాలామంది దాన్ని తీసేసింది ఈ భయంతోనే. మెయిన్‌ని వదిలేసి, ఒళ్లు సర్దుకుని, అప్పుడు రిజర్వ్ లాగుదామని వాళ్ల లెక్క.

ఆ లెక్కలో తక్కువ అంచనా వేసింది ఎత్తుని. సెకనుకి 20 మీటర్లు కిందికి దిగుతున్న స్పిన్ నుంచి వదిలేసి, సర్దుకోవడానికి మూడు సెకన్లు తీసుకున్నావనుకో. ఆ మూడు సెకన్లలో దాదాపు 100 మీటర్లు పోతాయి, అంటే 330 అడుగులు, ఇంకా రిజర్వ్ హ్యాండిల్ ముట్టుకోనే లేదు. పైగా మూడు సెకన్లలో సర్దుకోవడం బెల్లీ ఫ్లయింగ్‌లో, అంటే మామూలుగా బోర్లా పడేటప్పుడు, సులువు, వింగ్‌సూట్‌లో కాదు. రెండు చేతులూ ఛాతీ మీద హ్యాండిల్స్ దగ్గర ఉంటాయి, కాళ్ల మధ్య రెక్క నిండుగా గాలి పట్టి ఉంటుంది, ఒక చేతి రెక్క ఇంకోదానికంటే ఒక్క పిసరు ఎక్కువ తెరుచుకున్నా నువ్వే తిరగడం మొదలుపెడతావు. తిరగడం ఆపుకోవడానికని కటవే చేసినవాడు, అంటే మెయిన్ వదిలేసినవాడు, ఇంకో రకం తిరుగుడులోకి వెళ్తే మళ్లీ ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అమెరికాలో ఏటేటా వచ్చే ప్రమాదాల నివేదికలు చదువు, నెట్‌లో ఉంటాయి. మెయిన్ వదిలేసి రిజర్వ్ లాగకుండానో, మరీ కిందికి వచ్చాక లాగో పోయినవాళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తారు, వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. అవి చదివాక ఆర్‌ఎస్‌ఎల్ వద్దనే మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

ఈ చిక్కుని చాలావరకు విప్పింది మార్డ్. మెయిన్ సాయంతో రిజర్వ్‌ని బయటికి తీసే ఏర్పాటు అది, అందులో బాగా పేరున్నది స్కైహుక్. మన రైజర్ల మీది మూడు రింగుల రిలీజ్ కనిపెట్టిన బిల్ బూత్, ఆయన కంపెనీ యూపీటీ తెచ్చినది. పని చేసే తీరు చాలా తెలివైనది. ఆర్‌ఎస్‌ఎల్ పట్టీ పిన్‌ని లాగి ఊరుకోదు, రిజర్వ్ బ్రైడిల్ మధ్యలో ఒక చిన్న కొక్కేనికి తగులుకుని ఉంటుంది. వదిలిపోతున్న మెయిన్ ఆ కొక్కేన్ని పట్టుకుని రిజర్వ్ బ్యాగ్‌ని తనతోపాటు లాక్కుపోతుంది. అంటే చెడిపోయిన మెయినే నీకు అతి పెద్ద పైలట్ చూట్ అవుతుంది. వింగ్‌సూట్ వాళ్లకి ఇందులో రెండు లాభాలు. ఒకటి, వీపు మీది చచ్చు గాలిలోంచి స్ప్రింగ్ పైలట్ చూట్ దారి వెతుక్కోవాల్సిన పని లేదు, ఎందుకంటే మెయిన్ అప్పటికే శుభ్రమైన గాలిలో ఉంది. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది. నువ్వు మెయిన్ నుంచి ఏ దిక్కుకి విసిరేయబడుతున్నావో సరిగ్గా దానికి ఎదురు దిక్కులోనే రిజర్వ్ లైన్లు సాగుతాయి, నువ్వు దొర్లి వాటి మధ్యలో దూరేంత సమయం ఉండదు. ఉట్టి ఆర్‌ఎస్‌ఎల్ మీద మీ సీనియర్ పెట్టిన అభ్యంతరానికి ఇదే జవాబు. రిజర్వ్‌కి ట్విస్టులు అస్సలు రావని నేననను, వస్తాయి, కానీ పెద్ద నెమ్మదైన రిజర్వ్ కింద, ఎత్తులో, వాటిని విప్పుకోవచ్చు.

మరి మెయిన్ బయటికే రాకపోతే ఈ కొక్కెం అడ్డం పడుతుందా అని అడుగుతావు, అడగాలి కూడా. పడదు. నువ్వు నేరుగా రిజర్వ్ హ్యాండిల్ లాగినప్పుడు పైలట్ చూట్ అవతలి వైపునుంచి లాగుతుంది, పట్టీ కొక్కెం నుంచి జారిపోతుంది, మామూలు రిజర్వ్‌లాగే తెరుచుకుంటుంది. కుడి రైజర్ తెగిపోతే మెయిన్ సగం తగులుకుని ఉండగానే రిజర్వ్ వచ్చేస్తుందనే భయానికి కూడా స్కైహుక్‌లో కాలిన్స్ లాన్యార్డ్ అనే తాడు ఉంది, ఆ వైపు పోతే అది రెండో రైజర్‌నీ వదిలేస్తుంది. అన్ని కంపెనీల మార్డ్‌లూ ఒకేలా ఉండవు కాబట్టి నువ్వు తీసుకునే రిగ్‌లో ఏది ఉందో, అది ఏం చేస్తుందో మాన్యువల్ తెరిచి బొమ్మలతో సహా చూడు. యూపీటీ వెక్టర్‌లోనే కాదు, సన్‌పాత్ జావెలిన్‌లో కూడా స్కైహుక్ వస్తుంది, అందుకని సెకండ్‌హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది, కొత్తదానికే ఆగాలని లేదు.

మార్డ్ పనికిరాని చోటు కూడా చెప్పాలి. పైలట్ చూట్ చేతికి అందకపోయినా, అది వెనక వేలాడుతూ పిన్‌ని లాగలేకపోయినా నీకు సాయం చేయడానికి మెయిన్ లేదు. అప్పుడు స్ప్రింగ్ పైలట్ చూట్ ఆ బర్బుల్‌ని దాటాల్సిందే. కాబట్టి రిజర్వ్ లాగేముందు రెక్కలు ముయ్యి, చేతులు రెండూ ఒకేసారి లోపలికి, కాళ్లు దగ్గరికి. రెక్కలు చాపి ఎగురుతూ ఒక్క చేత్తో లాగితే పైలట్ చూట్ వీపు మీదే ఆడుతుంది, ఒళ్లు కూడా ఒక పక్కకి తిరుగుతుంది. వేలాడుతున్న పైలట్ చూట్‌కి ముందు కటవే చెయ్యాలా, నేరుగా రిజర్వ్ లాగాలా అన్నదాని మీద పెద్దవాళ్లలోనే రెండు మాటలు ఉన్నాయి, మీ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని ఒకటి నిర్ణయించుకో, గాల్లో మాత్రం చర్చ పెట్టుకోకు.

సైప్రెస్ గురించి నీ ప్రశ్నే నాకు అన్నిటికంటే కంగారు పుట్టించింది. ఇది జాగ్రత్తగా చదువు. మామూలు ఎక్స్‌పర్ట్ సైప్రెస్ రిజర్వ్‌ని తెరిచేది రెండు షరతులూ ఒకేసారి కలిసినప్పుడే, దాదాపు 750 అడుగుల ఎత్తులో ఉండాలి, కిందికి పడే వేగం సెకనుకి 35 మీటర్లు దాటాలి. అంటే గంటకి 126 కిలోమీటర్లు. వింగ్‌సూట్ వేసుకుని ఓ మాదిరిగా ఎగిరేవాడు కూడా గంటకి 70, 80 కిలోమీటర్ల వేగంతోనే దిగుతాడు. సరిగ్గా ఎగురుతూ, ఆల్టిమీటర్ చూడటం మర్చిపోయి నేల దాకా వెళ్తే ఆ పెట్టె దృష్టిలో నువ్వు ఎప్పుడో కానోపీ కింద ఉన్నావు, అది నోరు మెదపదు. పైలట్ చూట్ వేలాడుతుంటే కూడా అంతే, రెక్కలు చాపి ఉన్నంతసేపు దాని వేగం లెక్కకి నువ్వు అందకపోవచ్చు. ఢీకొని స్పృహ తప్పి దొర్లుకుంటూ పడితే మాత్రం వేగం పెరుగుతుంది, అప్పుడు అదే నీ ప్రాణం, అందుకే అది ఉండి తీరాలి. వింగ్‌సూట్ కోసమే తక్కువ వేగానికి సరిచేసిన మోడ్‌తో కూడా సైప్రెస్ వచ్చింది. నువ్వు కొనే పెట్టె ఏ మోడ్‌లో ఉంది, దాని తయారీ తేదీ ఏంటి, ఆయుష్షు ఇంకా ఎంత మిగిలి ఉంది, ఇవి అడక్కుండా ధర మాట్లాడకు. ఏ మోడ్ అయినా సరే, అది తెరుస్తుందిలే అన్న ధైర్యంతో విమానం ఎక్కకూడదు.

హ్యాండిల్స్ గురించి చిన్న మాట. రిజర్వ్‌కి లోహపు డి హ్యాండిల్ ఉంటే బొటనవేలు దూర్చి లాగొచ్చు, మెత్తటి పిల్లో హ్యాండిల్ దేనికీ తగులుకోదు. వింగ్‌సూట్‌లో చేతి రెక్క బట్ట ఎప్పుడూ ఒంటికి దగ్గరగా ఆడుతుంటుంది, చలికి వేళ్లు మొద్దుబారతాయి, అందుకని నా ఓటు లోహపుదానికి, నీ చేతికి ఇంకోటి బాగుంటే అదే తీసుకో. అంతకంటే ముఖ్యం, సూట్ జిప్ పూర్తిగా వేశాక రెండు హ్యాండిల్సూ కంటికి కనిపించాలి, బట్ట కిందికి పోకూడదు, దూకేముందు విమానంలో ఇంకోసారి తడిమి చూసుకోవాలి. డ్రాప్‌జోన్‌లో వేలాడే హార్నెస్ ఉంటుంది, సూట్ వేసుకుని, చేతి జిప్‌లు వేసి అందులో వేలాడుతూ సాధన చెయ్యి. మామూలు బట్టల్లో వచ్చిన అలవాటు వింగ్‌సూట్‌లో సగమే పనికొస్తుంది.

ఎత్తు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఇంతసేపూ మనం కొంటున్నది దాన్నే. నీకు సీ లైసెన్స్ ఉంటే అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ ప్రకారం మెయిన్ తెరవాల్సిన కనీస ఎత్తు 2,500 అడుగులు, 2013లో దాన్ని 2,000 నుంచి పెంచారు. చెడిపోయిన మెయిన్‌తో తేల్చుకోవాల్సిన ఎత్తు 1,800 అని రాసి ఉంటుంది. వింగ్‌సూట్‌లో నువ్వు వాటి దరిదాపుల్లోకి కూడా వెళ్లొద్దు. మొదటి వంద జంప్‌లు 4,500 నుంచి 5,000 మధ్య తెరువు, 2,500 కల్లా ఉంచుకోవాలో వదిలేయాలో తేల్చేసెయ్. ట్విస్టులు ఇంకో రెండు చుట్లే ఉన్నాయి, విప్పేస్తానులే అనిపించినా సరే, 2,500 అంటే 2,500.

ఆర్‌ఎస్‌ఎల్ విడదీయాల్సిన సందర్భాలు ఉన్నాయా అంటే ఉన్నాయి. కానోపీలు ఒకదానికొకటి తగిలించుకుని ఎగిరే ఫార్మేషన్ జంప్‌లలో తీసేస్తారు. గాలి ఎక్కువున్న రోజు దిగాక కానోపీ ఈడ్చుకుపోతుంటే మెయిన్ వదిలేసేముందు ఆర్‌ఎస్‌ఎల్‌ని రైజర్‌కి తగిలించే షాకిల్ విప్పాలి, లేకపోతే నేల మీదే రిజర్వ్ పిన్ ఊడుతుంది. హెల్మెట్ మీద కెమెరా పెట్టుకోవడం మొదలుపెడితే అప్పుడు మళ్లీ ఆలోచించాలి, కానీ దానికి మొదటి మందు ఒక్క చేత్తో ఊడిపోయే హెల్మెట్. అయినా నీకు ఇప్పట్లో కెమెరా ఎందుకు, వద్దు.

ఇంకో మాట, ఇది బతిమాలి చెప్తున్నాను. పాత కంటైనర్ కొని ఎవరిచేతో మార్డ్ కుట్టించుకుందామని, మూలలు కోయించుకుందామని అనుకోకు. ఈనాటి వింగ్‌సూట్‌కి రూపం ఇచ్చిన పాట్రిక్ డి గేయర్డాన్ 1998 ఏప్రిల్‌లో హవాయిలో చనిపోయింది తన కంటైనర్‌లో చేసుకున్న మార్పుని పరీక్షిస్తూ జరిగిన రిగ్గింగ్ పొరపాటు వల్లే. అంతటి మనిషి. మార్డ్ కావాలంటే ఫ్యాక్టరీనుంచి దానితోనే వచ్చిన కంటైనర్ తీసుకో, లేదా ఆ సీరియల్ నంబర్‌కి పెట్టడం కుదురుతుందా అని తయారుచేసినవాళ్లనే అడుగు. స్కైహుక్ ప్యాక్ చేయడం తెలిసిన రిగ్గర్ (రిజర్వ్‌లు ప్యాక్ చేసే నిపుణుడు) దగ్గరికే వెళ్లు. అక్కడ 180 రోజులకోసారి రిజర్వ్ విప్పి మళ్లీ ప్యాక్ చేయించాలి కదా, ఆ రోజు పక్కన కూర్చుంటానని అడుగు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ కొక్కెం, ఆ పట్టీ, బ్రైడిల్ నీ కళ్లతో ఒక్కసారి చూస్తే నేను రాసిందంతా పది నిమిషాల్లో అర్థమవుతుంది. వీలైతే మరదల్ని కూడా తీసుకెళ్లు. ఏమీ తెలియకుండా ఇంట్లో కూర్చుని భయపడేకంటే అన్నీ చూసి రిగ్గర్‌ని తనకి కావలసిన ప్రశ్నలు తను అడగడం మేలు, ఆ హక్కు ఆమెకి ఉంది.

ఆ సీనియర్‌తో గొడవేమీ పెట్టుకోకు, తన జంప్‌ల సంఖ్యకి, తన చేతికి ఆ రిగ్ సరిపోయిందేమో. సైజు నాకు కుదరదని చెప్పేసెయ్, అది నిజం కూడా. కొత్తది వచ్చేదాకా వింగ్‌సూట్‌కి తగ్గ పెద్ద ఏడు సెల్స్ కానోపీ, ఆర్‌ఎస్‌ఎల్ ఉన్న అద్దె రిగ్ మీ స్కూల్లో అడుగు, కోర్సు చేయించినవాళ్ల దగ్గర సాధారణంగా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఏదైనా కంటపడితే కంటైనర్, రిజర్వ్, సైప్రెస్ మూడింటి తయారీ తేదీలు, కంటైనర్ సైజు, మార్డ్ పేరు నాకు రాసి పంపు, చూసి చెప్తాను. నీ తరఫున ఒక రిగ్గర్ రిజర్వ్ విప్పి చూసేదాకా మాత్రం డబ్బు పంపకు.